పదకొండు గంటల భోజనం

నా సర్వీసులో నేను గర్వపడిన విద్య ఒక్కటే ఉంది, ఎదుటివాళ్ళు రాసిన కాగితంలో తప్పు పట్టడం. అంకె తారుమారైనా, ఇంటిపేరులో కొమ్ము పోయినా నా కంటికి అన్నంలో రాయిలా తగిలేది. జూనియర్ అసిస్టెంటుగా చేరిన నాటి నుంచి డిప్యూటీ తహసీల్దారుగా రిటైరయ్యే దాకా నా సంచిలో ఎర్ర ఇంకు పెన్ను లేని రోజు లేదు. కొత్తగా ఉద్యోగాల్లో చేరి, నాలుగు ఫైళ్ళు చూడగానే అన్నీ తెలిసిపోయాయనుకునే పిల్లల కోసం, ఆ పెన్ను నన్ను ఎలా ముంచిందో చెబుతాను.

నా ఉద్యోగమంతా నందిగామ, చందర్లపాడు, కంచికచర్ల, జగ్గయ్యపేటల మధ్యే గడిచింది. ఈ సంగతి జరిగినప్పుడు ఏ ఆఫీసులో ఉన్నానో, ఎవరెవరున్నారో చెప్పను. చెబితే జగ్గయ్యపేటలో సగంమంది గుర్తుపడతారు, మిగతా సగంమంది గుర్తుపట్టినట్టు నటిస్తారు.

జగ్గయ్యపేటలో బౌద్ధస్తూపం ఉన్న గుట్ట ఒకటి ఉందని మీకు తెలిసే ఉంటుంది. చెక్కిన రాళ్ళు చాలావరకు ఎప్పుడో మ్యూజియాలకి వెళ్ళిపోయాయి, కొండమీద మిగిలింది గుండ్రటి దిబ్బ, గాలి. ఆ దిబ్బని చూడటానికి శ్రీలంక నుంచి తొమ్మిది మంది భిక్షువులు వస్తున్నారని ఒక మాఘమాసంలో మాకు కబురొచ్చింది. పెద్దవాళ్ళు వస్తే ఎదురెళ్ళడం, కూర్చోబెట్టడం, తినిపించడం, సాగనంపడం, వీటన్నిటినీ కాగితాల మీద ప్రొటోకాల్ అంటారు. మేము మాత్రం పెళ్ళివారి పని అనుకునేవాళ్ళం. ఆ పని నా మెడకు చుట్టారు.

ముందుగా ఒక మీటింగు పెట్టారు. ఢిల్లీ నుంచి వచ్చిన అధికారి చక్కగా మాట్లాడాడు. మన చుట్టుపక్కల చిన్న దేశాలకి ఇంకో పెద్ద దేశం రేవులు కట్టిపెడుతోందట, రోడ్లు వేసిపెడుతోందట. మనం అంత కట్టలేకపోయినా మన దగ్గర బుద్ధుడు తిరిగిన నేల ఉంది, వాళ్ళ మనసులు గెలుచుకోవడానికి అది చాలట. "దీన్నే సాఫ్ట్ పవర్ అంటారు" అని బోర్డు మీద రాసి రెండు గీతలు కొట్టాడు. నా పక్కన కూర్చున్న మా తహసీల్దారుగారు నోట్‌బుక్ అడ్డం పెట్టుకుని నా వైపు వంగారు.

"మెత్తటి పవరంటే ఏంటండీ, వోల్టేజీ తక్కువా?"

నాకు నవ్వాగలేదు. బయటికొచ్చాక మా ఆఫీసు జీపు డ్రైవరుకి ఈ మాట చెప్పాను. ఆయన ముస్లిం, గుట్ట కింది వీధిలోనే కాపురం. నాకన్నా రెండేళ్ళు పెద్ద, తక్కువ మాట్లాడే మనిషి. విని ఇలా అన్నాడు:

"కొత్తేముంది మేడం. మా అమ్మ పక్కింటోళ్ళతో దెబ్బలాడిన మర్నాడు కూర గిన్నె పంపేది. అదేగా?"

"అదే అనుకుంటా" అన్నాను. ఆయన చెప్పింది ఢిల్లీ ఆయన చెప్పిన దానికన్నా నాకు బాగా అర్థమైంది. అర్థమయ్యీ బుద్ధి రాలేదు, అదీ నా బాధ.

తర్వాత పై ఆఫీసు నుంచి కార్యక్రమం వివరాలు మెయిల్‌లో వచ్చాయి. ఎన్నింటికి బయల్దేరాలి, ఎన్నింటికి పూలు చల్లాలి, అన్నీ నిమిషాలతో సహా ఉన్నాయి. అందులో ఒక వరుస దగ్గర నా కళ్ళు ఆగాయి. '11.00, భోజనం' అని ఉంది. పదకొండింటికి భోజనమేమిటి? పదకొండింటికి మా ఆఫీసులో రెండో టీ కూడా రాదు. ఒంటిగంట కొట్టబోయి ఇంకో ఒకటి ఎక్కువ కొట్టారని నాకు నేనే తీర్మానించేసుకున్నాను. ఎర్ర పెన్ను తీసి ఒక అంకె కొట్టేశాను. పదకొండు ఒకటయింది. మధ్యలో మిగిలిన రెండు గంటల్లో ఏం చెయ్యాలన్నది సమస్య కాలేదు. ఖాళీ సమయం కనబడితే ప్రసంగాలతో నింపడం మనకి వెన్నతో పెట్టిన విద్య కదా. ముఖ్య అతిథిగా వస్తున్నాయన పేరు అక్కడ పెట్టేశాం. కాగితం తిరిగి టైపు చేయించి, ఎవరికీ ఫోన్ చేసి అడక్కుండా సంతకం పెట్టాను. పైగా తహసీల్దారుగారితో "చూశారా, నేను పట్టకపోతే నవ్వులపాలయ్యేవాళ్ళం" అని కూడా అన్నాను.

భోజనం ఏర్పాట్లు ఊళ్ళో కల్యాణమండపంలో. పద్దెనిమిది రకాలు. పవిత్రులు వస్తున్నారని ఉల్లి, వెల్లుల్లి కూడా వద్దన్నాం.

ఆరోజు పొద్దున భిక్షువుల బస్సుకి దారి చూపించడానికి మా డ్రైవరు జీపు వేసుకుని విజయవాడ వెళ్ళాడు. తొమ్మిదిన్నరకల్లా వాళ్ళని గుట్ట కిందికి తెచ్చాడు. దిగినవాళ్ళలో అందరికన్నా పెద్దాయనకి ఎనభై దగ్గరుంటాయి. సన్నటి మనిషి, చేతిలో నల్ల గొడుగు. ఆయన గురువుగారి దగ్గర ఈ గుట్ట మీది శిల్పం ఫొటో ఒకటి ఉండేదట, బతికుండగా ఈ చోటు చూడాలని అంత దూరం వచ్చాడు. వెంట ఉన్న నడివయసు భిక్షువు విశాఖలో నాలుగేళ్ళు చదువుకున్నాడు, అందుకని తెలుగు వచ్చు. మెట్లు ఎక్కేటప్పుడు పెద్దాయనకి షుగరుందని, పొద్దున ఆరింటికి రెండిడ్లీలు తిన్నారని ఆయనే నాతో చెప్పాడు. నేను వినయంగా తలాడించి, ముందుకు పరిగెత్తి దండలు సరిచూసుకున్నాను.

అప్పుడు, జీపుని వెనక బాట మీదుగా పైకి తెచ్చిన డ్రైవరు నా దగ్గరికి వచ్చాడు.

"మేడం, వీళ్ళు మధ్యాహ్నం దాటితే తినరంట. దార్లో ఆ స్వామి చెప్పాడు. భోజనం ఒంటిగంటకని బ్యానర్ మీద ఉంది."

"ప్రోగ్రాం వేసింది నేను. ఏ టైముకి ఏంటో నాకు తెలుసుగా! నువ్వు బండి నీడలో పెట్టుకో."

ఆయన వెళ్ళి బండి నీడలో పెట్టుకున్నాడు.

పెద్దాయన స్తూపం చుట్టూ మెల్లగా మూడుసార్లు తిరిగాడు. ఒకచోట ఆగి రాతి మీద చెయ్యి పెట్టి చాలాసేపు అలాగే నిలబడ్డాడు. అప్పుడు కూడా నేను వాచీ చూసుకుంటున్నాను, ముఖ్య అతిథి ఎక్కడిదాకా వచ్చారోనని. షామియానా కింద అందరినీ కూర్చోబెట్టాం. మొదటి వక్త బుద్ధుడి పుట్టుక దగ్గర మొదలుపెట్టాడు. రెండో ఆయన ఇంకా వెనక్కి వెళ్ళాడు.

పదకొండున్నర దాటాక నడివయసు భిక్షువు నన్ను పిలిచాడు.

"అమ్మా, టైం ఎంత?"

"పదకొండూ ముప్పై అయిదండీ. ఒంటిగంటకల్లా భోజనానికి తీసుకెళ్తాం."

ఆయన నవ్వాడు. నొప్పించకూడదని ముందే నిర్ణయించుకున్నవాడి నవ్వు.

"పన్నెండు తర్వాత మేము తినం అమ్మా. రేపు ఉదయం వరకు. పర్వాలేదు. పెద్దాయనకు నేను చెప్తాను, ఈరోజు భోజనం లేదు అని."

పదకొండు! టైపిస్టు తప్పు కొట్టలేదు. ఎవరో తెలిసినవాళ్ళు జాగ్రత్తగా వేసిన పదకొండుని నేను కొట్టేశాను. ఎనభై ఏళ్ళ ముసలాయన, షుగరు మనిషి, రెండిడ్లీలతో మర్నాటి పొద్దుటి దాకా ఉండాలి. మన గడప తొక్కినవాడు. కృష్ణా జిల్లాలో పుట్టి, ఇంటికొచ్చిన మనిషిని పస్తు పంపించిన దాన్నవుతానా అనిపించి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

కల్యాణమండపానికి ఫోన్ చేశాను. వంటాయన నింపాదిగా అన్నాడు: "బియ్యం ఇంకా కడగలేదమ్మా. వేడివేడిగా ఒంటిగంటకని మీరేగా అన్నారు."

తహసీల్దారుగారి దగ్గరికి పరిగెత్తాను. ఆయన దండ పట్టుకుని నిలబడి ఉన్నారు. "ముఖ్య అతిథి కంచికచర్ల దాటారంటండీ. ఆయనొచ్చే టైముకి కుర్చీలు ఖాళీగా ఉంటే నా ఉద్యోగం ఉంటదా?" అన్నారు. ఆయన భయం ఆయనది.

ఇంక నాకు మిగిలింది జీపు నీడ. వెళ్ళి డ్రైవరు ముందు నిలబడ్డాను. పొద్దున కసిరిన నోటితో ఎలా అడగాలో తెలియలేదు. ఆయన నా మొహం చూసి అడగనివ్వలేదు.

"మా వీధి కిందే మేడం. అందరూ కూలికెళ్ళే ఇళ్ళు, పొద్దున్నే వండేస్తారు. అన్నం ఉంటది. మా ఆవిడ పప్పు చేసింది."

"పన్నెండు అవడానికి ఇరవై నిమిషాలు కూడా లేదు. దిగేసరికే అయిపోతుంది."

ఆయన చొక్కా జేబులోంచి ఒక కార్డు తీశాడు. నమాజు వేళలు అచ్చువేసిన మసీదు కార్డు.

"మిట్టమధ్యాహ్నం పన్నెండింటికి కాదు మేడం. అది గడియారంలో పన్నెండు. సూర్యుడు నడినెత్తికొచ్చే టైం రోజుకో రకంగా ఉంటది. మేం జవాల్ అంటాం, ఆ నిమిషంలో నమాజ్ చెయ్యం. ఈరోజు మన పేటకి చూడండి, పన్నెండూ ఇరవై మూడు."

ఆ కార్డు పట్టుకుని షామియానా వెనకనుంచి నడివయసు భిక్షువు దగ్గరికి వెళ్ళాను. ఆయన పెద్దాయన చెవిలో చెప్పాడు. పెద్దాయన కార్డు చేతిలోకి తీసుకుని, అర్థంకాని అక్షరాల మధ్య అంకెలు చూశాడు. తర్వాత లేచి ఎండలోకి వచ్చి, గొడుగు నిలువుగా నేలకి ఆనించి దాని నీడ చూశాడు. నీడ ఇంకా జానెడు పక్కకి పడుతోంది. నోట్లో ఉన్న నాలుగు పళ్ళూ కనబడేలా నవ్వి ఏదో అన్నాడు.

"వాళ్ళ గురువుగారు కూడా ఇలాగే నీడ చూసేవారట. గడియారం నమ్మేవారు కాదట" అని నడివయసాయన చెప్పాడు. "ఎటు వెళ్ళాలి అమ్మా?"

మూడో వక్త మాట్లాడుతుండగానే తొమ్మిది మందీ లేచి నడిచారు. తహసీల్దారుగారు దండతో సహా నోరు తెరిచారు. నేను ఆయన వంక చూడలేదు. ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో పై అధికారి వంక చూడకుండా నడిచింది ఆ ఒక్కసారే.

మేము దిగేసరికి డ్రైవరు వీధంతా తిరిగేశాడు. ఇళ్ళముందు ఆడవాళ్ళు గిన్నెలు పట్టుకుని నిలబడి ఉన్నారు. భిక్షువులు సంచుల్లోంచి నల్లటి పాత్రలు తీసి, ఏమీ మాట్లాడకుండా వరుసగా నడిచారు. డ్రైవరు భార్య కొంగు తలమీదికి లాక్కుని పప్పు, అన్నం వేసింది. ఒక ముసలమ్మ గోంగూర పచ్చడి వేసి, కారమని చెప్పండి చెప్పండి అని నన్ను తరిమింది. బడిలో ఆయాగా పనిచేసే ఒకామె మాత్రం గుమ్మంలోనే ఆగిపోయి నన్ను సైగ చేసి పిలిచింది. ఆమె మెడలో సన్నటి గొలుసుకి శిలువ ఉంది.

"మేడమ్ గారూ, మా ఇంట్లో చేపల పులుసండి. ముక్త్యాల రేవు నుంచి తెచ్చారు పొద్దున. సాములకి పెడితే పాపమా అండి?"

ఉల్లి కూడా తగలకూడదని ఆర్డరిచ్చినదాన్ని నేను. నేను ఏదో ఒకటి చెప్పేలోపే పెద్దాయన ఆమె గుమ్మం ముందు ఆగి పాత్ర పట్టాడు. పులుసు వాసన తగలగానే ఆ ముడతల మొహంలో వచ్చిన వెలుగు చూడాలి మీరు. సముద్రం ఒడ్డు మనిషి కదా. ఆమె ముక్కల్లో పెద్ద ముక్క ఏరి వేసింది.

డ్రైవరు ఇంటి అరుగు మీద, పక్కింటి అరుగు మీద కూర్చుని తిన్నారు. ఆయన కార్డు పట్టుకుని గుమ్మంలో నిలబడి, "ఇంకా పది నిమిషాలుంది, మెల్లిగా తినమనండి" అని, "ఇంకా అయిదు" అని చెబుతూ ఉన్నాడు. ఆ అయిదు నిమిషాల్లోనే పెద్దాయన పులుసు ఇంకోసారి వేయించుకున్నాడు. పన్నెండూ ఇరవైకి అందరూ చేతులు కడుక్కున్నారు. తర్వాత తొమ్మిది మందీ కలిసి ఏదో దీవెన చదివారు. వీధి మొత్తానికి ఒక్క ముక్క అర్థం కాలేదు, ఒక్కళ్ళూ కదల్లేదు.

పెద్దాయన పులుసు గిన్నె తనే కడిగి ఆయా చేతికి ఇవ్వబోయాడు. ఆమె అందుకుంటూ, మన ఆడవాళ్ళు అలవాటుగా అనే మాట అనేసింది.

"ఉత్త గిన్నె ఇస్తారా ఏంటండి?" అని, వెంటనే నాలిక కరుచుకుంది.

నడివయసాయన ఆ మాట పట్టుకుని ఏమిటని అడిగాడు. ఇరుగుపొరుగు నుంచి వచ్చిన గిన్నె ఖాళీగా తిరిగి పంపకూడదని, చిటికెడు పంచదారైనా వేసి ఇస్తామని చెప్పాను. పెద్దాయన విని, తమ సంచులు తెమ్మన్నాడు. పొద్దున స్వాగతం చెబుతూ మేమే ఇచ్చిన ఆపిల్ పళ్ళు అందులో ఉన్నాయి. గిన్నెకొక పండు వేశారు. అలా సర్కారువారి పళ్ళు గుట్ట కింది వీధికి చేరాయి. అంత న్యాయమైన పంపకం నా సర్వీసులో ఇంకోటి చూడలేదు.

ముఖ్య అతిథి ఒంటిగంటకి కాస్త ముందు వచ్చారు. భిక్షువులు తిరిగొచ్చి కుర్చీల్లో కూర్చున్నారు, కాబట్టి ఎవరి ఉద్యోగమూ పోలేదు. తర్వాత కల్యాణమండపంలో పద్దెనిమిది రకాలూ పెద్దలే తిన్నారు. భిక్షువులు పక్కన కూర్చుని నిమ్మరసం తాగారు. ఢిల్లీ అధికారి నన్ను పక్కకి పిలిచి, వీధిలో ఎవరైనా ఫొటోలు తీశారా అని అడిగాడు. లేదన్నాను. ఫొటోగ్రాఫరు ముఖ్య అతిథి కోసం రోడ్డు మీద కాపలా ఉన్నాడు మరి.

వారం తిరక్కుండా మెమో వచ్చింది. అతిథులను అనుమతి లేకుండా వీధిలో భోజనానికి ఎందుకు తీసుకెళ్ళావు అని. "టైపింగులో లేని తప్పును దిద్దడంలో నేను చేసిన తప్పు వలన" అని ఒక్క వాక్యం రాసిచ్చాను. తహసీల్దారుగారు అది రెండుసార్లు చదివి, "అర్థం కాకుండా బాగా రాశారండీ, ఎవరూ తిరిగి అడగరు" అన్నారు. ఎవరూ అడగలేదు కూడా. డ్రైవరుకి మాత్రం నేను క్షమాపణ చెప్పాను. "అయిపోయిందిగా మేడం" అన్నాడు.

కొన్నేళ్ళకి వాళ్ళ దేశానికి కష్టకాలం వచ్చింది. పెట్రోలుకి, గ్యాసుకి జనం వరుసల్లో నిలబడటం టీవీలో చూసి, ఆ తొమ్మిది మందీ ఏం తింటున్నారోనని ఉండబట్టలేక డ్రైవరుకి ఫోన్ చేసేదాన్ని. ఆయనకేం తెలుస్తుంది? అయినా ఇద్దరం కాసేపు దిగులుపడి పెట్టేసేవాళ్ళం. ఆ రోజుల్లోనే మా పాత ఆఫీసుకి ఒక పార్సిలొచ్చింది. మీద ఇంగ్లీషులో 'నీడ టైము చెప్పిన డ్రైవరుగారికి' అని ఉందట. అటెండరు తిన్నగా గుట్ట కింది వీధికి పట్టుకెళ్ళి ఇచ్చాడు.

అందులో టీపొడి, ఒక ఉత్తరం. నడివయసు భిక్షువు వచ్చీరాని తెలుగులో రాశాడు. 'మీ దేశం నుంచి ఓడలో బియ్యం వచ్చింది. ఇక్కడ అందరూ మీ దేశం గురించి మాట్లాడుతున్నారు. కొందరు మంచిగా, కొందరు అనుమానంగా. పెద్దాయన అంటారు, ఆ దేశం నాకు తెలుసు, అది చేపల పులుసు పెట్టింది, టైం చెప్పింది. ఇప్పుడు మా దగ్గర ఎక్కువ లేదు. కానీ ఉత్త గిన్నె ఇవ్వకూడదు కదా.'

డ్రైవరు ఆ ఉత్తరం పట్టుకుని, టీపొడిలో సగం ఒక స్టీలు గిన్నెలో పోసుకుని, బస్సెక్కి నందిగామలో మా ఇంటికి వచ్చాడు. ఉత్తరం చదివి నేను ఆయన ముందే ఏడ్చాను. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. వెళ్ళేటప్పుడు గిన్నె వదిలేసి వెళ్ళాడు. అడుగున ఆయన భార్య పేరు చెక్కి ఉంది.

టీ అయిపోయింది, గిన్నె ఉండిపోయింది. అందులో ఏం వేసి ఇవ్వాలో నాకు తోచలేదు. పంచదార వేస్తే వెక్కిరించినట్టుంటుంది. ఏం వేసినా తక్కువే అనిపించి, ఇవాళ రేపు అంటూ ఏళ్ళు గడిపేశాను. నేను రిటైరయ్యాను, అంతకుముందే ఆయనా అయ్యాడు. ఫోన్ చేసినప్పుడల్లా "మా గిన్నె క్షేమమా మేడం?" అని అడిగేవాడు.

మొన్న రంజాన్ నెలలో నేనే చేశాను. గారెలు చేసి తెస్తాను, ఉపవాసం విడిచే టైమెంత అని అడిగాను.

"ఆరూ ఇరవై రెండు మేడం."

కాగితం మీద రాసుకోబోతే చెయ్యి అలవాటు కొద్దీ ఆరున్నర వైపు పోయింది. ఆపి, ఆయన చెప్పిందే రాశాను. 6.22.

గారెలు గిన్నెలో సర్ది, బస్సెక్కి, ఆరుకి పది నిమిషాల ముందే ఆ వీధిలో దిగాను. ఆయన గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. గిన్నె అందుకుని, మూత తీయకుండా, జేబులోంచి కార్డు తీసి చూశాడు.

"ఇంకా ముప్పై రెండు నిమిషాలుంది మేడం. కూర్చోండి."

ఆ అరుగు మీదే కూర్చున్నాను.